ఉపగ్రహం దారి చూపితే చాలదు, పరీక్ష కూడా నెగ్గాలి

సెలవు దొరికి ఊరికి బయలుదేరే మనవాళ్లకు రెండే లెక్కలు. టికెట్ ఎంత, లగేజీ ఎన్ని కిలోలు. కింద పొగమంచు కమ్ముకుంటే పైలట్ రన్‌వేను ఎలా పట్టుకుంటాడన్నది మనకెందుకులే అనుకుంటాం. కానీ చలికాలం తెల్లవారుజామున దిగాల్సిన విమానం గాలిలో చక్కర్లు కొట్టి, చివరికి ఇంకో ఊళ్లో దించినప్పుడు ఆ సంగతి మన సంగతే అవుతుంది. అందుకే ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

ఇన్నాళ్లుగా పెద్ద విమానాశ్రయాల్లో వాడుతున్నది ఐఎల్ఎస్ అనే ఏర్పాటు. రన్‌వే దగ్గర పెట్టిన యంత్రాలు రేడియో సంకేతాలు పంపుతాయి. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, మరొకటి ఎంత వాలుగా దిగాలో చెబుతుంది. నమ్మకమైనదే గానీ ఖర్చుతో కూడినది. రన్‌వే ఒక్కో వైపుకు వేరుగా పెట్టాలి, ఎప్పటికప్పుడు సరిచూస్తూ ఉండాలి. చిన్న ఊళ్ల విమానాశ్రయాలకు అది భారమే.

ఆ పని ఉపగ్రహంతో చేయించవచ్చు కదా అన్న ఆలోచన నుంచి వచ్చిందే గగన్. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 774 కోట్ల రూపాయలతో చేపట్టిన పథకం ఇది. మన సెల్‌ఫోన్లో ఉండే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపినా మనకు నష్టం లేదు, పక్క వీధిలోకి వెళ్లి వెనక్కి వస్తాం. దిగుతున్న విమానానికి ఆ వెసులుబాటు లేదు. అందుకని దేశంలో 15 చోట్ల కేంద్రాలు పెట్టి, జీపీఎస్ ఎంత తప్పు చూపుతోందో లెక్కగట్టి, ఆ సవరణను మన ఉపగ్రహాల ద్వారా విమానానికి అందిస్తారు. సంకేతం నమ్మదగినదిగా లేకపోతే ఆ మాట కూడా క్షణాల్లో పైలట్‌కు చేరాలి. అసలు ప్రాణం అక్కడే ఉంది.

ఇది ఒక్క రోజులో అయిన పని కాదు. 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్ విఫలమై, గగన్ పరికరాన్ని మోసుకెళ్తున్న జీశాట్-4 ఉపగ్రహం సముద్రం పాలైంది. తర్వాత జీశాట్-8, జీశాట్-10 ఆ బాధ్యత తీసుకున్నాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2013 డిసెంబర్‌లో దారి చూపడానికి మాత్రమే గగన్‌ను అనుమతించింది. దిగడానికి పనికొచ్చే స్థాయి ధ్రువపత్రం 2015 ఏప్రిల్‌లో గానీ ఇవ్వలేదు. ఆ జూలైలో అప్పటి మంత్రి, మన విజయనగరం అశోక్ గజపతిరాజు దాన్ని ప్రారంభించారు.

అంతటితో అయిపోయిందా అంటే లేదు. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో సంస్థకు చెందిన ఏటీఆర్ విమానం గగన్ సాయంతో ప్రయోగాత్మకంగా దిగింది. 250 అడుగుల ఎత్తు వరకు పరికరాలను నమ్మి దిగవచ్చు, అప్పటికీ రన్‌వే కనబడకపోతే మళ్లీ పైకి లేవాలి. డీజీసీఏ బృందం ఆ విమానంలోనే కూర్చుంది. వాళ్ల తుది అనుమతి వచ్చాకే మామూలు సర్వీసులు ఆ పద్ధతి వాడాలన్నది షరతు.

ఇంత ఆలస్యమా అని విసుక్కునేవాళ్లున్నారు. నా మట్టుకు ఇందులో రెండు రకాల ఆలస్యాలున్నాయి. ఒకటి పరీక్ష కోసం అయిన ఆలస్యం. అది మన ప్రాణానికి రక్ష. దాని మీద ఫిర్యాదు అక్కర్లేదు. రెండోది ఖర్చు చూసి వెనకాడటం వల్ల అయిన ఆలస్యం. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రతి విమానానికీ గగన్ పరికరం ఉండాలని 2016 విధానంలో రాశారు. ఆ గడువు జరిగి జరిగి 2021 జూలై 1 తర్వాత రిజిస్టరయ్యే వాటికి అన్న దగ్గర ఆగింది. ప్రజల సొమ్ముతో ఆకాశంలో దీపం పెట్టాక, దాన్ని చూసే కళ్లు విమానానికి లేకపోతే ఏం లాభం? ఈ రెండో ఆలస్యం గురించి అడగాల్సింది మనమే.

అలాగని పాతదాన్ని పీకేయమనడం లేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత ఇక్కడ పనికిరాదు. ఉపగ్రహ సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని చెడగొట్టవచ్చు, దొంగ సంకేతంతో మోసగించనూవచ్చు. మన విమానాలు వెళ్లే పశ్చిమాసియా దారుల్లో ఇలాంటివి జరుగుతున్నాయని 2023 నవంబర్‌లో డీజీసీఏ విమాన సంస్థలను హెచ్చరించింది. ఢిల్లీలో ఒక రన్‌వేకు ఉపగ్రహ పద్ధతిలో దిగబోయిన కొన్ని విమానాలకు దొంగ సంకేతాలు తగిలాయని 2025 డిసెంబర్ 1న మంత్రి రామ్మోహన్ నాయుడు రాజ్యసభకు చెప్పారు. పాత పద్ధతి పరికరాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదనీ చెప్పారు. కొత్తది పెట్టినా పాతదాన్ని ఎందుకు నిలుపుకోవాలో ఇంతకంటే రుజువేం కావాలి?

ఇంకొక మాట. 2010 మేలో దుబాయ్ నుంచి వెళ్లిన విమానం మంగళూరులో కూలి 158 మంది పోయారు. 2020 ఆగస్టులో దుబాయ్ నుంచే వెళ్లిన మరో విమానం కోజికోడ్‌లో రన్‌వే దాటిపోయి 21 మంది చనిపోయారు. రెండు చోట్లా ఐఎల్ఎస్ ఉంది. దిగే తీరు కుదరనప్పుడు పైకి లేవకపోవడమే తప్పని రెండు విచారణలూ తేల్చాయి. కాబట్టి పరికరానికి ఇచ్చే అనుమతి ఎంత ముఖ్యమో, దాన్ని వాడే పైలట్‌కు ఇచ్చే శిక్షణ మీద తనిఖీ కూడా అంతే ముఖ్యం.

మరి మనం చేయగలిగిందేమిటి? విమానం దిగబోయి మళ్లీ పైకి లేస్తే కంగారు పడకండి, సిబ్బంది మీద అరవకండి. పైలట్ తన పని సరిగ్గా చేశాడని అర్థం. వేరే ఊరికి మళ్లించినా అంతే. తిరుగు ప్రయాణం మాత్రం వీసా గడువు, డ్యూటీ తేదీ మెడ మీదికి వచ్చేదాకా ఆపుకోకండి. రెండు రోజులు ముందుగా టికెట్ తీసుకోండి. ఆలస్యంగా చేరిన విమానానికి ఇంకో టికెట్ దొరుకుతుంది, తొందరపడి దిగిన విమానానికి ఏదీ దొరకదు.

క్షేమంగా వెళ్లి లాభంగా రండి.