మందు ఒకరికి, క్రిమి ఇంటిల్లిపాదికి

ఏ ఊళ్లోనైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే చాలు, "గ్యాస్ మాత్ర ఒకటి ఇవ్వన్నా" అనే మాట చెవిన పడుతుంది. చీటీ అక్కర్లేదు, మందు పేరు తెలియనక్కర్లేదు. షాపతను పాంటాప్రజోల్ షీటు కత్తిరించి నాలుగు గోళీలు చేతిలో పెడతాడు. మంట తగ్గుతుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది. నింద ఆవకాయ మీదికో మిరపకాయ బజ్జీ మీదికో పోతుంది. కారం మంట పెంచుతుందేమో గానీ కడుపులో పుండు పుట్టించదు. పుళ్లలో అత్యధిక భాగానికి కారణాలు రెండే: ఎడాపెడా మింగే నొప్పి మాత్రలు, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా.

ఈ క్రిమిని 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ పట్టుకున్నారు. జీర్ణాశయంలోని యాసిడ్‌లో ఏ సూక్ష్మజీవీ బతకలేదని వైద్య లోకం నమ్ముతున్న రోజులవి. ఎవరూ వినకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిమిని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అంతకుముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంత జరిగినా మన దగ్గర ఇది ఇప్పటికీ ఒక మనిషి, ఒక కడుపు, ఒక ఎండోస్కోపీ వ్యవహారంగానే నడుస్తోంది. నా అభ్యంతరం అక్కడే. ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే, అదీ సొంత ఇంట్లోనే అంటుకుంటుంది. మందు వాడకపోతే దాదాపు జీవితాంతం ఉండిపోతుంది. నలభై ఏళ్ల వయసులో బయటపడ్డ పుండుకు బీజం నాలుగేళ్ల వయసులో పడి ఉండొచ్చు.

ఎలా అంటుకుంటుందన్న ప్రశ్నకు 1999లో అమెరికాలో ఒక పరిశోధన బృందం సూటిగా జవాబు వెతికింది. క్రిమి ఉన్నా ఏ బాధా లేని 16 మందికి మందిచ్చి వాంతి చేయించారు. పదహారు మంది వాంతిలోనూ బతికున్న క్రిమి దొరికింది. వాంతి చేసుకుంటున్నప్పుడు పక్కన ఉన్న గాలిలో కూడా కొందరి దగ్గర కనిపించింది. వాంతి తర్వాత సగానికి పైగా మంది ఉమ్మిలో దొరికింది. మామూలు మలంలో దొరకలేదు, విరేచనాల మందు వేశాక మాత్రం దొరికింది. అంటే మనిషి ఆరోగ్యంగా తిరుగుతున్నప్పటి కంటే వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ క్రిమి బయటికి ఎక్కువగా వస్తుంది. కొన్నేళ్లకు ఉత్తర కాలిఫోర్నియాలోని కుటుంబాలను పరిశీలిస్తే అదే తేలింది. క్రిమి ఉన్న మనిషికి ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, ఆ ఇంట్లో మరొకరికి కొత్తగా సోకే అవకాశం దాదాపు ఐదు రెట్లు పెరిగింది. వాంతులైతే ఆరు రెట్లు.

ఇప్పుడు మన ఇంటికి రండి. అర్ధరాత్రి పిల్లవాడు కక్కుకుంటాడు. తల్లి దోసిలి పడుతుంది, కొంగుతో మూతి తుడుస్తుంది, చెంబుడు నీళ్లు చేతుల మీద పోసుకుంటుంది. సబ్బు బయట బాత్రూములో ఎక్కడో ఉంటుంది. అదే చేత్తో బిందెలో గ్లాసు ముంచి నీళ్లు తెస్తుంది. గ్లాసుతో పాటు వేళ్లూ మునుగుతాయి. పక్కనే రెండేళ్ల చెల్లి పడుకుని ఉంటుంది. కొలంబియాలోని ఆండీస్ పల్లెల్లో జరిగిన అధ్యయనం చెప్పింది ఇదే: అన్న నుంచో అక్క నుంచో వయసులో దగ్గరగా ఉన్న చిన్న పిల్లలకు సోకడం ఎక్కువ. తల్లికి క్రిమి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువని పలు దేశాల్లో తేలింది. దీన్ని తల్లి తప్పుగా చదువుకోకండి. ఒకే గదిలో ఆరుగురు, ఒకే బిందె, ఇంటికి దూరంగా కుళాయి ఉన్నచోట ఎంత శుభ్రమైన మనిషైనా చేసేది కొంతే.

రెండో దారి నీళ్లు. పెరూ రాజధాని లిమాలో 1991లో వెలువడిన అధ్యయనం ఒకటి కలవారికి కూడా కళ్లు తెరిపించాలి. సంపన్న కుటుంబాల పిల్లల్లోనే, నగరపాలక సంస్థ కుళాయి నీళ్లు తాగేవారికి సోకే అవకాశం, బావుల నుంచి నీళ్లందే ఇళ్ల పిల్లల కంటే పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. మన పట్టణాల్లో ఇందుకు ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు. నీళ్లు గంటో రెండు గంటలో వదిలి కట్టేస్తారు. ఖాళీ అయిన పైపులో పీడనం పడిపోతుంది. పైపు మురుగు కాల్వలోంచి పోతుంటే పగుళ్లలోంచి మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికి మోటారు బిగిస్తే ఇంకా బలంగా లాగుతుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో తాగునీరు కలుషితమై ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం విరుచుకుపడింది. ప్రతిసారీ వైద్య శిబిరాలు పెడతారు, ట్యాంకులు కడుగుతారు, పరిహారం ప్రకటిస్తారు. శిబిరం ఎత్తేసిన రోజుతో లెక్క ముగుస్తుంది. పైన చెప్పిన అధ్యయనాలు నిజమైతే ఆ లెక్క అక్కడ ముగియదు. వీధి వీధంతా వాంతులు చేసుకున్న వారంలో ఎందరు పసివాళ్ల కడుపుల్లో ఈ హెలికోబ్యాక్టర్ క్రిమి కూడా చేరిందో ఏ అధికారీ రాసుకోడు.

అయితే అందరికీ పరీక్షలు చేసి మందులు మింగిద్దామా? తైవాన్ అధీనంలోని మాట్సు దీవుల్లో 2004 నుంచి అదే చేశారు. వయోజనుల్లో ఇన్ఫెక్షన్ 64 శాతం నుంచి 15 శాతానికి దిగింది, జీర్ణాశయ క్యాన్సర్ సుమారు సగానికి తగ్గింది. కానీ అక్కడ క్యాన్సర్ తీవ్రత ఎక్కువ, జనం తక్కువ, నీళ్లు మంచివి. మన దగ్గర మిజోరం వంటి చోట్లు మినహా, క్రిమి ఉన్నంత విస్తారంగా క్యాన్సర్ లేదు. పైగా యాంటీబయాటిక్స్‌ను చాక్లెట్లలా అమ్మే దేశంలో మెట్రోనిడజోల్ ఇప్పటికే ఈ క్రిమి మీద చాలావరకు పనిచేయడం లేదు. కోట్ల మందికి కోర్సులు పంచితే మిగిలిన మందులూ మొద్దుబారతాయి. జపాన్‌లో 2000 తర్వాత పుట్టిన పిల్లల్లో ఈ ఇన్ఫెక్షన్ పది శాతం లోపే. వాళ్ల తాతల తరంలో సగానికి పైగా ఉండేది. ఆ తేడా తెచ్చింది ప్రధానంగా నీళ్లు, మరుగుదొడ్లు, ఇరుకు తగ్గిన ఇళ్లు. అందుకే ప్రభుత్వం డబ్బు ముందు పైపుల మీదే పెట్టాలి. ఇంటింటికీ కుళాయి ఇచ్చామని చెప్పుకోవడం కాదు, కుళాయి కట్టేసిన గంటల్లో పైపులోకి ఏం చేరుతోందో పరీక్షించాలి.

మందు అక్కర్లేదని కాదు, గురి చూసి వాడాలి. పుండు ఉన్నవారికి, జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవారి తోబుట్టువులకు, పెద్దవారైన పిల్లలకు పరీక్ష తప్పనిసరి చేయాలి. మల పరీక్ష ఏరియా ఆసుపత్రి స్థాయిలోనే ఉచితంగా జరగాలి. ఒక్కరికి తేలితే అదే ఇంట్లో కడుపు మంటతో బాధపడుతున్న పెద్దవాళ్లనూ పిలిచి చూడాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ క్రిమికి మందుల కోర్సు వాడుతుంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. మంట తగ్గిందని ఐదో రోజున ఆపకండి, డాక్టరు రాసిన పద్నాలుగు రోజులూ వాడండి. ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, చివరి రెండు వారాలు డాక్టరుకు చెప్పి గ్యాస్ మాత్ర మానేసి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకోండి. రక్త పరీక్ష చేస్తామంటే వద్దనండి. క్రిమి పోయిన ఏళ్ల తర్వాత కూడా అది పాజిటివ్ అనే చూపించొచ్చు.