పసిగుండె మీద ముద్ర

నాలుగు బొమ్మలు. రెండు తెల్లవి, రెండు నల్లవి. రంగు తప్ప మిగతాదంతా ఒక్కటే. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు, భార్యాభర్తలు, 1940ల ప్రాంతంలో అమెరికాలో ఈ బొమ్మల్ని మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ నల్లపిల్లల ముందు పెట్టారు. మంచి బొమ్మ ఏదంటే ఎక్కువమంది తెల్లదాన్ని చూపించారు. చెడ్డది ఏదంటే నల్లదాన్ని చూపించారు. చివరికి "ఇందులో నీలాంటిది ఏది?" అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చారు.

ఆ ఏడుపు దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. జాతివివక్ష అనగానే మనకు తుపాకులు, ఉరితాళ్ళు గుర్తుకొస్తాయి. అవి నిజమే. అయితే అంతకంటే ముందే, చప్పుడు లేకుండా ఒక హత్య జరిగిపోతుంది. పసిబిడ్డకు తన ఒంటి మీద తనకే రోత పుట్టిస్తారు. ఆ పని ముగిశాక ఇక కాపలా కూడా అక్కర్లేదు. తల వంచమని చెప్పకుండానే తల వంగుతుంది.

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి చెల్లదని చెప్పింది. తొమ్మిదిమంది జడ్జీలదీ ఒకే మాట. అందులో ఈ బొమ్మల సాక్ష్యం కూడా ఉంది. మరి చట్టం మారగానే మనుషులు మారారా? 1960లో న్యూ ఆర్లీన్స్‌లో రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ళ పాప తెల్లపిల్లల బడిలో చేరితే కేంద్ర ప్రభుత్వ మార్షల్సు కాపలాగా నడవాల్సొచ్చింది. తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించారు. ఏడాది పొడుగునా ఒక టీచరమ్మ ఆ పాప ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది. దళిత మహిళ వండిందని పిల్లల చేత మధ్యాహ్న భోజనం మాన్పించిన తల్లిదండ్రులున్న దేశం మనది. ఈ కథ మనకు కొత్తదా?

దక్షిణాఫ్రికా పాలకులు ఈ పనిని దాపరికం లేకుండా చేశారు. 1953లో బంటు విద్యాచట్టం తెచ్చారు. దాని సూత్రధారి వెర్‌వోర్డ్. నల్లపిల్లవాడు బతుకులో వాడుకోలేని లెక్కలు వాడికెందుకు నేర్పాలని బహిరంగంగానే అడిగాడు. "మీకెందుకురా లెక్కలు? గేదెలు కాసుకోండి" అనే మాట మా తరం కూడా బడిలోనే విన్నది. అన్నవాళ్ళకు వెర్‌వోర్డ్ ఎవరో తెలియదు. అయినా ఆ మాట ఈ మాటా ఒక తల్లి బిడ్డలే.

1976 జూన్ 16న సొవెటోలో పిల్లలే వీధుల్లోకొచ్చారు. పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో పాఠాలు చదవమంటే చదవమన్నారు. పోలీసులు కాల్చారు. చనిపోయినవాళ్ళలో హెక్టర్ పీటర్సన్‌కు 12 ఏళ్ళు. తర్వాతి నెలల్లో వందలమంది నేలకొరిగారు. వాళ్ళు పడ్డారుగానీ పోరాటం పడలేదు. 1994లో నల్లజాతి ప్రజలు మొదటిసారి బారులు తీరి ఓటేసి ఆ రాజ్యాన్ని సాగనంపారు.

మనకూ వాళ్ళకూ ఏం సంబంధం అనేవాళ్ళు ఉంటారు. 1873లోనే మహాత్మా ఫూలే తన 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆయనకు తెలిసిన సంబంధం మన పాలకులకు తెలియదా? తెలుసు. 1946లో దక్షిణాఫ్రికా వివక్షను ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తింది భారతదేశమే. 2001లో అదే దక్షిణాఫ్రికాలో, డర్బన్ సదస్సులో, కులాన్ని కూడా చర్చించమని దళితులు అడిగితే కులం జాతి కాదంటూ అడ్డం పడింది కూడా భారత ప్రభుత్వమే. జాతివివక్షకు వ్యతిరేకంగా 1965లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికలో జాతి, రంగుతో పాటు వంశం అనే మాటా ఉంది. 1968లో మనదేశం దాన్ని ఆమోదించింది. ఆ మాట కిందికి కులమూ వస్తుందని 2002లో ఐక్యరాజ్యసమితి కమిటీ తేల్చింది. పరాయి ఇంటి మంట చూసి కేకలేసినవాడు తన ఇంటి మంటకు తలుపేసుకుంటే ఏమనాలి?

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును తెల్లవాడొకడు కాల్చి చంపాడు. తుపాకీ పట్టినవాడు కులం అడగలేదు, రంగు చూశాడు. తెలుగునేలంతా కుమిలింది, కుమలాల్సిందే. అదే అమెరికాలో 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తే వద్దని ఎదురునిలిచినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. నా మీద పడే దెబ్బ అన్యాయం, నేను కొట్టే దెబ్బ ఆచారం - ఇదెక్కడి ధర్మం?

ఎదుటివాళ్ళను అడిగినప్పుడు మనల్నీ అడుక్కోవాలి. మన వాడల్లో నల్లగా పుట్టిన ఆడపిల్లను చూసి నిట్టూర్చే నోళ్ళు లేవా? ఆఫ్రికా నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాడు బస్సెక్కితే మనవాళ్ళు వెకిలిగా నవ్వడం లేదా? మాల మాదిగల మధ్య ఎక్కువ తక్కువలు పోయాయా? వివక్షకు గురైనంత మాత్రాన వివక్ష అంటకుండా పోదు. దాన్ని కడుక్కోవాల్సింది మనమే.

చట్టాలు కావాలి, అమలయ్యే చట్టాలు కావాలి. వాటికోసం కొట్లాడుతూనే ఉందాం. దానితోపాటు ఈ రోజే చెయ్యగల పని ఒకటుంది. పంతుళ్ళారా, మీ తరగతిలో వెనక బల్ల మీద ఎవరు కూర్చుంటున్నారో చూడండి. పిల్లను రంగుతో, పిల్లవాణ్ణి కులంతో పిలిచే నోటిని అక్కడికక్కడే ఆపండి. తల్లుల్లారా, తండ్రుల్లారా, నల్లగా ఉన్న బిడ్డను చూసి నిట్టూర్చకండి. ఆ నిట్టూర్పు బిడ్డకు వినపడుతుంది.

ఏ బిడ్డ ముందు ఏ బొమ్మ పెట్టినా "ఇది నేనే" అని నవ్వుతూ చెయ్యి వేసే రోజు రావాలి. అందాకా ఈ పోరాటం ఆగదు.

జై భీమ్!