మనోవర్తి: తీర్పును, వసూలును

భరించువాడు గనుక భర్త యైనాడని శబ్దవేత్తలు చెప్పుదురు. ఆ భారమును త్రోసివేసినవానిచేత భార్యాబిడ్డల పోషణము మోయించుటకే మనోవర్తి శాసనము పుట్టినది. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో 488వ సెక్షనుగా నున్న యీ విధి, 1973 కోడులో 125వ సెక్షనై, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షనుగా నమలులో నున్నది.

శాసనమందలి లోపములు క్రమముగా తీరుచునే వచ్చినవి. నెలకు 500 రూపాయల పరిమితిని 2001లో పార్లమెంటు తొలగించినది. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును, ప్రతివాదికి నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనని విధించినది. ఉభయులును తమ ఆస్తిని, రాబడిని, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలెననియు, దరఖాస్తు తేదీనుండియే మనోవర్తి చెల్లవలెననియు 2020లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. తెలంగాణమునుండి వెళ్ళిన యొక యప్పీలుపై, విడాకులు పొందిన ముస్లిం స్త్రీకిని యీ హక్కు గలదని 2024 జూలైలో స్థిరపరచినది.

ఇక లోప మెక్కడ? వసూలులో నున్నది. తీర్పు చేతికి వచ్చిననాడు వ్యాజ్యము ముగియుట లేదు. రెండవ వ్యాజ్యము మొదలగుచున్నది. భర్త సొమ్ము చెల్లింపని యెడల ఆమెయే మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. బాకీ పడిన యేడాదిలోగా పెట్టనిచో వారంటు వెడలదు. ఎగవేసినవానిని నెల బాకీకి నెలవరకు ఖైదు చేయవచ్చును. ఖైదుతో బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు చెప్పియే యున్నది. అయినను వారంటు ఠాణాలో నిద్రించును, ప్రతివాది ఊరు మారును, వాయిదాపై వాయిదా పడును. బిడ్డ బడి జీతమునకును, పాలవాని బాకీకిని మాత్రము వాయిదా లేదు.

రాబడి దాచి యధికముగా కోరు స్త్రీలును గలరని కొందరందురు. లేరని మేమనము. అట్టివారిని పట్టుటకును, రాబడి లేదని బొంకు భర్తను పట్టుటకును ఆ ప్రమాణపత్రమే సాధనము. ఒకరి కల్లకు వేరొకరి బిడ్డను పస్తుంచుట న్యాయము కాదు.

కావున మేము కోరునది క్రొత్త శాసనము కాదు. బాకీల లెక్కను న్యాయస్థానమే నెలనెలకు చూడవలెను. ఉద్యోగి విషయమున, జీతమునుండియే సొమ్ము మినహాయించి భార్యకు చేరునట్లు ఉత్తర్వు చేయవలెను. 1987 నాటి శాసనము క్రింద స్త్రీలకు, రాబడితో నిమిత్తము లేక, దొరకు ఉచిత న్యాయసహాయము తీర్పుతో నాగక వసూలువరకు నడువవలెను. మనోవర్తి భిక్ష కాదు, ఋణము. వసూలు కాని తీర్పు కాగితమే గాని యన్నము కానేరదు.