రాసిపెట్టి పోదాం - పెద్దమందడి ఆఫీసు ఉద్యోగుల ప్రణాళిక

పెద్దమందడి మండలంలో ఆఫీసు కుర్చీల్లో కూర్చుని జీతం తీసుకునే మేము, పర్మినెంటు వాళ్ళమూ, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ళమూ కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. పనివేళల్లో సొంతపనుల గురించి ఇన్నాళ్ళూ గుసగుసలే నడిచాయి. ఇకమీద బహిరంగంగానే మాట్లాడతాం.

సొంతపని ఉండటం తప్పు కాదు. బ్యాంకు, రిజిస్ట్రేషను, పిల్లల బడి అన్నీ మేము కుర్చీలో ఉండే వేళల్లోనే తెరిచి ఉంటాయి. అత్తగారిని వనపర్తి ఆసుపత్రికి తీసుకుపోవాలంటే పొద్దున ఓపీ వేళకే పోవాలి. సాయంత్రం ఐదు దాటాక వీటిలో ఒక్కటీ కాదు. చెప్పకుండా లేచిపోతున్నామే, తప్పు అక్కడుంది.

ఏ మండలంలోనైనా కనపడేదే ఇది. ఫ్యాను తిరుగుతుంటుంది, కుర్చీకి సంచి తగిలించి ఉంటుంది, బల్ల మీద ఫైలు తెరిచే ఉంటుంది. మనిషి ఉండడు. ఆధార్ జిరాక్సూ పాసుబుక్కూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని ఒక అవ్వ గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. "సారు ఇప్పుడే బయటికి పోయిండు, జర కూసో అవ్వా" అంటాడు అటెండరు. ఎటు పోయాడో, ఎప్పుడొస్తాడో అతనికీ తెలియదు. నాలుగింటికి "రేపు రాపో" అంటారు.

ఆ మాటతో ఆమెకు ఇంకో రోజు కూలి పోయినట్టే. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. రెండుసార్లు తిప్పితే 614. పుణె, ముంబైలకు వలసపోయిన పాలమూరు మనిషి ఒక్క సర్టిఫికెట్ కోసం ఊరికొస్తే దారి ఖర్చులు కూడా దీనికి కలుపుకోవాలి. అదే ఉపాధి కూలీ పనిచోట ఉన్నట్టు రుజువుకు 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. గడ్డపార పట్టినవాళ్ళ దగ్గర అంత లెక్క అడిగినప్పుడు, ఫ్యాను కింద కూర్చున్న మాకు ఒక్క వరుస రాయడం బరువా?

అందుకే రాసిపెట్టి పోతాం. మూవ్‌మెంట్ రిజిస్టరును బీరువాలోంచి తీసి జనం చదివే చోట పెడతాం. ఎవరు పోయారు, ఎన్నింటికి వస్తారు, అప్పటిదాకా వాళ్ళ పని ఎవరు చూస్తారు, ఇవి రాస్తే చాలు. ఎందుకు పోయారో రాయనక్కర్లేదు. ఒకరి ఇంటి గొడవ, ఒకరి జబ్బు ఊరందరికీ తెలియాల్సిన పనిలేదు. కానీ సొంతపనికి పోతూ "ఫీల్డుకు" అని మాత్రం రాయం.

గంటలో తెమలని పనికి సెలవు పెడతాం. ఏడాదికి 15 క్యాజువల్ లీవులున్నాయి, సగం రోజుకూ పెట్టుకోవచ్చు. ఏడాదంతా చెప్పకుండా తిరిగి, మిగిలిన లీవులు డిసెంబరులో వరసపెట్టి వాడుకునే అలవాటు మానేస్తాం. ఎదురుగా మనిషి నిలబడి ఉండగా ఫోనులో చీరలు చూడటం, చిట్టీ లెక్కలు మాట్లాడటం కూడా. ఎవరూ లేనప్పుడు రెండు నిమిషాల్లో కరెంటు బిల్లు కడితే కొంప మునగదు.

ప్రభుత్వాన్ని అడిగేదీ ఉంది. పర్మినెంటు మహిళా ఉద్యోగికి 90 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. పక్క కుర్చీలో అదే పనిచేసే అవుట్‌సోర్సింగ్ ఆపరేటరు పిల్లకు జ్వరమొస్తే జీతం కోత భయం. ఆమె చెప్పకుండా పరుగెత్తితే తప్పు ఆమెది అనలేం. వాళ్ళకూ జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇది తేలకుండా రిజిస్టరు ఒక్కటే పెడితే అది వాళ్ళ మీద కత్తి అవుతుంది.

ఇంకొకటి, రాత్రి వాట్సాప్. ఆఫీసు పదిన్నర నుంచి ఐదు దాకా. రాత్రి తొమ్మిదికి "రిపోర్టు అర్జంటు" అని మెసేజి వస్తే ఇంటి వేళ ఆఫీసుకు పోయినట్టు కాదా? పనివేళ దాటాక ఫోనుకు బదులివ్వకుండా ఉండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లే పెట్టారు, అది చట్టం కాలేదు. వరదలకూ ఎన్నికలకూ అర్ధరాత్రి పిలిచినా వస్తాం. మామూలు రిపోర్టు పొద్దున అడగండి.

వచ్చే సోమవారం మొదలుపెడతాం. ఆ రోజు ప్రజావాణికి అధికారులు వనపర్తి పోతారు, ఖాళీ కుర్చీలు ఎక్కువ. అందుకే ఆ రోజే రిజిస్టర్లు గుమ్మం దగ్గరికి వస్తాయి. చదువురాని వాళ్ళకు అటెండరు చదివి చెబుతాడు. రాయకుండా పోయినవాళ్ళను పైవాళ్ళు అడిగేదాకా ఆగం, ఆ సాయంత్రమే తోటి ఉద్యోగులుగా మేమే అడుగుతాం.