సీతంపేట చింతపండు ఏ అరలో ఉంది?

సినిమా హాలు మూతపడితే మార్ట్. గోడౌను ఖాళీ అయితే మార్ట్. శ్రీకాకుళం, విజయనగరం శివార్లలో ఖాళీ జాగా కనబడితే చాలు, పొద్దున్నే ఒక బోర్డు వెలుస్తోంది. నాయకుడొచ్చి రిబ్బను కత్తిరిస్తాడు, అభివృద్ధి వచ్చేసిందంటాడు. ఆ జాగా ఎందుకు ఖాళీ అయిందో మాత్రం ఒక్కడూ అడగడు. ఆమదాలవలస చక్కెర మిల్లు ఏమైంది? నెల్లిమర్ల జూట్ మిల్లు ఎన్నిసార్లు లాకౌటయింది? కూలి దొరకని చోట కొనుగోళ్లు ఎక్కడివి?

జీతం పడగానే అక్కడ ట్రాలీ తోసుకు తిరిగేది మనమే. కాదనకండి, నేనూ తిరిగాను. పప్పు మీద పది రూపాయలు మిగిలితే ఎవరికి చేదు? పాత షావుకారు ధర్మరాజేమీ కాదు. తూకంలో కోత, అప్పుమీద వడ్డీ, చింతపండుకు విసిరేసిన చిల్లర... ఇవన్నీ మన ఏజెన్సీ ఎరిగినవే. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న తూటాలకు ఒరిగింది షావుకార్ల, భూస్వాముల దోపిడీని ఎదిరించిన పోరాటంలోనే. అందుకే చిన్న కొట్టుకు హారతి పట్టమని నేననను. నేనడిగేది ఒక్కటే: మనకు అమ్మేవాడు మన దగ్గర కొంటున్నాడా?

అరల దగ్గర కాసేపు నిలబడి ప్యాకెట్లు వెనక్కి తిప్పి చదవండి. జీడిపప్పు ఎక్కడ ప్యాక్ చేశారో చూడండి. ఉద్దానం జీడిపిక్కలు పలాస, కాశీబుగ్గ బట్టీల్లో కాలతాయి. జీడినూనెకు చేతులు పొక్కించుకుని ఒలిచేది మన ఆడకూలీలు. పప్పు మూటలకెక్కి దేశమంతా పోతుంది. మెరిసే కవరు, పెద్ద కంపెనీ పేరు, దానితోపాటు లాభం మాత్రం ఇంకెక్కడో తగులుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని వేళ్లతో పెకలించింది. జీడిచెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ రైతు ఏం తిన్నాడని ఏ గొలుసు దుకాణం అడిగింది? చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, అనాసపండ్లు కొండ దిగి సంతకొస్తాయి. వాటిని కొనడానికి 1956లో పెట్టిన జీసీసీ ఉంది. దాని సరుకుకు ఈ మార్టుల్లో రెండడుగుల అర ఇస్తే ఏం కొంప మునుగుతుంది?

ఇంకో విచిత్రం వినండి. 2012లో కేంద్రం చిల్లర వర్తకంలోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని రానిచ్చింది. అయితే ఒక షరతు పెట్టింది: కొనే తయారీ సరుకులో 30 శాతం దేశంలోని చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సరేనంది. సిక్కోలు సంతను అడిగిందా? అడగలేదు. తీరా చూస్తే ఆ దారిన వచ్చిన విదేశీయులు లేరనే చెప్పాలి. టోకు వ్యాపారం పెట్టుకున్న కార్ఫూర్ 2014లో మూట సర్దుకుంది. వాల్‌మార్ట్ 2018లో ఫ్లిప్‌కార్ట్‌ను కొని దొడ్డిదారి పట్టింది. మరి దేశీ కంపెనీలకు? వాటికి ఆ 30 శాతం కూడా లేదు! పరాయివాడికి పెట్టిన షరతు మనవాడికి ఎందుకు పెట్టరు? పెట్టమని ఏ ఎంపీ నోరు విప్పాడు?

పైగా వీళ్లు ఉంటారన్న భరోసా కూడా లేదు. చౌక ధరలంటూ దేశమంతా విస్తరించిన సుభిక్ష 2009లో సుమారు 1,600 కొట్లకు తాళం వేసింది. 2022లో బిగ్ బజార్ కొట్లు రిలయన్స్ చేతికి పోయాయి. వాళ్లకు పేరు మారుతుంది, అంతే. మన వీధి చివర మూతపడ్డ కొట్టు మాత్రం మళ్లీ తెరుచుకోదు.

మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడైనా మన సరుకు ఎంత కొంటారో రాయించుకోవాలి. ఉద్యోగ సంఘాలు ఆ మాట కలెక్టరు దగ్గర పెట్టాలి, విద్యార్థులు కౌన్సిలర్ల ఇళ్లకెళ్లి నిలదీయాలి. అది ఎప్పటికవుతుందో గాని, ఒకటో తారీఖు జీతం పడ్డాక మీరెలాగూ అక్కడికి వెళతారు. బిల్లు కట్టేముందు మేనేజరును పిలిచి, వెనక లైనుకు కూడా వినబడేలా అడగండి: సీతంపేట చింతపండు ఏ అరలో ఉంది?