కోర్టు మాట తెల్వదని భూమి పోగొట్టుకోవద్దు



వాయిదాకు పోయొచ్చిన పెద్దాయనను "కోర్టులో ఏమన్నరు?" అని అడిగి చూడండి. "మళ్లీ రమ్మన్నరు" అంటాడు. జడ్జి ఏం రాసిండో, వకీలు ఏం ఒప్పుకున్నడో ఆయనకు తెల్వదు. తప్పు ఆయనది కాదు. హైకోర్టు, సుప్రీంకోర్టు ఇంగ్లీషులో నడుస్తాయి. కింది కోర్టులో తెలుగు వినిపించినా, ఆ తెలుగులో చాలా మాటలు కోయ, గోండు, కొలాం, సవర ఇళ్లల్లో ఎప్పుడూ వినపడనివే. అందుకే చదువుకున్న మీరు ఆ మాటలు నేర్చుకోవాలి. జెండా పట్టుకోవడం ఎంత ఉద్యమమో, ఇదీ అంతే ఉద్యమం.

ముందు పోలీసు కేసు సంగతి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం మాట. "రిమాండ్" అంటే శిక్ష పడ్డట్టు కాదు, విచారణ కోసం కస్టడీలో ఉంచడం. 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు పుడుతుంది. కానీ అది దానంతటదే రాదు, పిటిషన్ వేయాలి. బెయిల్ వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేక జైల్లోనే ఉండిపోయే పేదలున్నారు. అప్పుడు "షరతు తగ్గించండి" అని మళ్లీ కోర్టును అడగొచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక నెలలు గడిచిపోతాయి.

ఇక భూమి. "ఎక్స్‌పార్టీ" అంటే నువ్వు రాకపోతే అవతలివాడి మాట మాత్రమే విని తేల్చడం. నోటీసు చూసి భయపడి దాచిపెడితే జరిగేది ఇదే. సివిల్ కోర్టులో అట్లా డిక్రీ అయితే రద్దు చేయమని అడగడానికి 30 రోజులే గడువు. "స్టేటస్ కో" అంటే ఉన్నది ఉన్నట్టు ఉంచమనడం. అది వినగానే సంబరపడొద్దు. ఆ రోజుకు భూమి మీద ఎవరున్నారో చూడండి. గిరిజనేతరుడు ఉంటే, ఆ ఆర్డరు అతనికే కాపలా కాస్తుంది. "రాజీ" అనే మాట తియ్యగా ఉంటది. లోక్ అదాలత్‌లో రాజీ మీద సంతకం పెడితే దాని మీద అప్పీలు లేదు. చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు.

అన్నిటికన్నా మనకు బలమిచ్చే మాట "రుజువు భారం". మనం 1/70 అని పిలుచుకునే చట్టం ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఆదివాసీ నుంచే వచ్చిందని ముందుగా భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది అతను. 1988లో పి.రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని చెప్పింది. అయినా "నీ భూమేనని కాగితం చూపించు" అని మనల్నే దబాయిస్తారు. ఆ మాట అన్నప్పుడు తల దించుకోవద్దు. "భారం ఎవరి మీద ఉంది సార్?" అని అడగండి.

ఒక మాట ఎంత పని చేస్తదో 2019లో చూశాం. అటవీ హక్కుల క్లెయిములు తిరస్కరించిన వాళ్లను ఖాళీ చేయించమని ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా ఆందోళన రేగింది. ఫిబ్రవరి 28న అదే కోర్టు తన ఆదేశాన్ని నిలిపేసింది. నిలిపేయడం అంటే కొట్టేయడం కాదు. "స్టే"ను గెలుపు అనుకొని నిద్రపోతే కష్టం. "తిరస్కరణ" అన్నంత మాత్రాన అంతా అయిపోయినట్టూ కాదు. కారణం రాసివ్వాలి, గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, దాని నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో పోవచ్చు. గుర్తింపు, పరిశీలన పూర్తి కాకుండా పోడు నుంచి వెళ్లగొట్టొద్దని 2006 చట్టమే చెబుతోంది.

కొందరు "వకీలు ఉన్నాడు కదా, మనకెందుకు?" అంటారు. వకీలు మన తరఫున మాట్లాడతాడు, కానీ పోయేది మన భూమి. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. ముద్దాయికి రాని భాషలో సాక్ష్యం చెబితే అతనికి తెలిసిన భాషలో వినిపించాలని చట్టంలోనే ఉంది. మరి మన కోర్టుల్లో కోయ, గోండు దుబాసీలు ఏరి? దీన్ని మనం గట్టిగా అడగాలి.

అడగడంతో పాటు చేయాల్సింది ఒకటుంది. మీ గూడెంలో ఎన్ని కేసులున్నాయో ఒక నోటుబుక్కులో రాయండి. కేసు నంబరు, వాయిదా తేదీ, చివరి ఆర్డరు. ఆర్డరు కాపీ తెచ్చి, మన భాషలో చదివి, గ్రామసభలో వినిపించండి. అర్థమైన కాగితం ముందు మనిషి భయపడడు.