పెట్టె మీద ఆత్రేయపురం

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు గోదావరి జిల్లాల వాళ్లమంతా సంబరపడ్డాం. ఇంకెక్కడో చేసి ఆ ఊరి పేరు అతికించి అమ్మేవాళ్లను నిలదీసే హక్కు దక్కింది. అయితే ఆ పేరు ఏ రూపంలో, ఏ గుర్తుతో జనం ముందుకు రావాలో చట్టం చెప్పదు. ఊరే తేల్చుకోవాలి. ఆ తేల్చుకునే చోట రేకు తీసే ఆడవాళ్లు కూర్చోవాలి.

ఎందుకంటే ఈ మిఠాయిలో అసలు విద్య రేకుదే. బియ్యం నానబెట్టి, రుబ్బి, పిండిని నీళ్లలా జారుగా కలుపుకుంటారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పిండిలో ముంచిన గుడ్డను వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తే రెప్పపాటులో పొర కడుతుంది. మంట ఎంతుండాలో, గుడ్డ ఎంత వేగంతో లాగాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు, తల్లి పక్కన కూతురు కూర్చుని నేర్చుకోవాల్సిందే. ఇళ్లలో ఇలా తీసిన రేకులు దుకాణాలకు చేరాక, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి, జీడిపప్పు వేసి చుడతారు. పెట్టె మీద దుకాణం పేరుంటుంది. దుకాణదారుల కష్టాన్ని తక్కువ చేయను, హైదరాబాద్ దాకా సరుకు చేర్చింది వాళ్లే. కానీ పొగలో కూర్చున్న మనిషి ఊసు ఆ పెట్టె మీద ఎక్కడా లేదు.

పట్నం నుంచి డిజైనర్‌ను పిలిచి లోగో గీయిస్తే పని అయిపోయిందనుకోవడం నాకు నచ్చదు. డిజైనర్ రావాలి, ముందు వినడానికి రావాలి. ఏ బియ్యం వాడాలి, నెయ్యి బదులు డాల్డా కలిపినవాడి నుంచి గుర్తు ఎవరు వెనక్కి తీసుకోవాలి, రేకు తీసిన ఇంటి పేరు పెట్టె మీద ఉండాలా, గుర్తు వల్ల అదనంగా వచ్చే రూపాయిలో రేకు వాటా ఎంత? ఇవి తేలాక రంగు, బొమ్మ.

ఇది జరగని పనేం కాదు. 1959లో ముంబై గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో అప్పడాలు మొదలుపెట్టారు. తర్వాత పేరు కోసం 5 రూపాయల బహుమతితో పోటీ పెట్టుకుని ‘లిజ్జత్’ను ఎంచుకున్నారు. ఈనాటికీ అక్కడ అప్పడం ఒత్తే మహిళే సంస్థకు యజమాని.

మనకు చట్టంలోనే దారి ఉంది. భౌగోళిక గుర్తింపును ఎవరూ కొనలేరు, బదిలీ చేసుకోలేరు. ఉత్పత్తిదారులు మాత్రం ఎవరికి వారు, ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. రేకు తీసే మహిళలందరినీ అలా నమోదు చేయించాలి. పొదుపు సంఘాల లెక్కలు ఏళ్లుగా రాస్తున్న వాళ్లకు దరఖాస్తు నింపడం కష్టం కాదు. దాని రుసుము తయారీదారుల సంఘం భరించి, గుర్తు గీయించే ముందే ఆ పని పూర్తి చేయాలి.